ఈశాన్యంలో ఇనుప పైపు

తాటివారిపాడు,
17-1-2005.

చిరంజీవి కోటేష్‌కు,

మామయ్య పిచ్చయ్య ఆశీస్సులు. అందరం క్షేమం అని రాద్దామని కలం పట్టాను గానీ అది అబద్ధం. పొద్దున్నే అబద్ధంతో మొదలుపెట్టడం నాకు చేతకాదు.

నీ మరదలు జ్యోతిర్మయి మూడు రోజులుగా గోడ వైపు తిరిగి పడుకుంటోంది. పత్తి ట్రాలీ మీద నుంచి పడి కాళ్ళు చచ్చుబడిన ఈ నాలుగేళ్ళలో అది ఇంత మౌనంగా ఉండగా నేను చూడలేదు. నువ్విచ్చిన పాత కంప్యూటరు మీద అమెరికా డాక్టర్ల మాటలు వింటూ టైపు చేయడం నేర్చుకుంది కదా. గుంటూరు ఆఫీసు వాళ్ళు పెట్టిన పరీక్షలో నూటికి తొంభై ఆరు తెచ్చుకుంది! ఇంటి దగ్గరే కూర్చుని పని చేసుకోమన్నారు. "కానీ మీ ఇంట్లో ఆగని ఇంటర్నెట్టు ఉండాలి. ఏప్రిల్‌ ఒకటి లోపు పెట్టించుకోండి" అన్నారు. అక్కడ పడింది పిడుగు.

మా ఊరి ఫోన్ల సంగతి నీకు తెలుసు. తీగ నల్లరేగడిలో పాతారు. ఎండలకు నేల నెర్రెలిస్తే తెగుతుంది, వానలకు ఉబ్బితే అతుకుల్లో నీళ్ళు చేరతాయి. దీపావళి నుంచి ఊరంతా మూగనోము. లైన్‌మన్‌ని పట్టుకుని బ్రాడ్‌బ్యాండ్ అడిగితే, "మార్టూరు ఎక్స్చేంజికి ఏడు కిలోమీటర్లున్నారు పిచ్చయ్యగారూ, బంగారపు తీగ వేసినా మీ దాకా రాదు" అని నవ్వాడు. నవ్వాడురా! నేను ఊరుకుంటానా? "కళ్ళు లేని రాజుకు నగరులో కూర్చోబెట్టి పద్దెనిమిది రోజుల యుద్ధం చూపించాడే సారథి, ఆయన ఏ ఎక్స్చేంజిని అడిగాడయ్యా?" అన్నాను. "ఆయన కనెక్షను వేరేనండీ" అని సైకిలెక్కి పోయాడు.

నిన్న పిల్ల ఒక మాటంది. "నాన్నా, శనివారం శనివారం రామాలయంలో మైకు పట్టుకుని చెబుతావుగా, మనిషికి పని మీదే అధికారం, ఫలం మీద లేదని. నాకు ఫలం అక్కర్లేదు. ఆ పనన్నా ఇప్పించు. లేదంటే నేను మనిషిని కాదు, మూటని. మూటని ఎన్నాళ్ళు దించి ఎత్తుతారు?"

అది విని నేను వసారాలో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ మోసుకుపోయి పక్కింటి బుల్లయ్య గోదాములో పెట్టించి తాళం వేయించాను. ఎందుకో నీకు విడమరచి రాయలేను.

మడుగులో మొసలి పట్టిన ఏనుగు వెయ్యేళ్ళు తన బలాన్ని నమ్ముకుని, చివరికి తొండమెత్తింది. నేను నాలుగేళ్ళకే ఎత్తాను. వస్తావా?

తొండమెత్తి పిలుస్తున్న
మామయ్య పిచ్చయ్య.

గుంటూరు, బ్రాడీపేట,
1-2-2005.

మామయ్యకు, అత్తయ్యకు నమస్కారాలు.

నీ ఏనుగు ఉత్తరం చదివి అమ్మ ఏడ్చింది. నేను బైనాక్యులర్స్ వెతుక్కుని ఆదివారం బస్సెక్కాను. వచ్చి చూసి వెళ్ళాక అంతా కాగితం మీద పెట్టమన్నావు కాబట్టి రాస్తున్నాను. దయచేసి దీన్ని శనివారం ప్రవచనంలో చదవకు.

తీగ మీద వచ్చేది మనకు లేదు, వదిలెయ్. సెల్‌ఫోను మీద వచ్చేది మీ ఊళ్ళో చెట్టెక్కితే గానీ పలకదు. శాటిలైటు డిష్ ఒకటుంది. పాటలొచ్చే డిష్ కాదు, మనం పంపేది కూడా ఆకాశానికి మోసుకెళ్ళేది. అక్కడిదాకా పోయి రావాలి కాబట్టి ప్రతిదానికీ ఒక క్షణం ఆలస్యం, గట్టి వాన పడితే నోరు మూస్తుంది. పైగా ఫ్యాక్టరీల వాళ్ళకు తప్ప మనబోటి వాళ్ళకు గిట్టుబాటు కాదు. వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఆయనే దాని ధర విని, తీగ లేని ఇంకో పద్ధతి చెప్పమని నా చుట్టూ తిరుగుతున్నాడు.

ఆ ఇంకో పద్ధతే మనకూ దిక్కు. మార్టూరు టవరు మీద పెట్టెలున్నాయి. మీ డాబా మీద ఇరవై అడుగుల ఇనుప పైపు నిలబెట్టి, కొసన పళ్ళెమంత ఆంటెన్నా బిగిస్తారు. అక్కడి నుంచి తీగ జ్యోతి మంచం దగ్గరి పెట్టెలోకి దిగుతుంది. నిదానమే గానీ దాని పనికి చాలు. ఒకటే షరతు. ఆంటెన్నా టవరును కళ్ళారా చూడాలి. మధ్యలో గోడ గానీ, ఆకులున్న కొమ్మ గానీ ఉండకూడదు. టవరు మీకు ఉత్తరాన ఉంది. మీ ఉత్తరపు పక్కన బుల్లయ్య మామ మేడ, దాని మీదికి లేచిన వేపచెట్టు. అవి తగలకుండా బజారు మీదుగా టవరు కనిపించేది డాబా ఈశాన్యం మూల నుంచే. అక్కడ సున్నంతో గుండ్రంగా గుర్తు పెట్టాను. పైపు అక్కడే నిలబెట్టించు.

కనెక్షను నా కంప్యూటర్ల షాపు పేరు మీద తీసుకున్నాను. ఈ కనెక్షన్లు ఇచ్చే ఏజెంటు దగ్గర పెట్టెలు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. మీ దగ్గర పని చేయకపోతే వేటపాలెం పోతుంది. బిగించడానికి ఆదాం మేస్త్రీ వస్తాడు. అతనితో శాస్త్రచర్చలు పెట్టుకోవద్దు.

మీ అల్లుడు
కోటేష్.

తాటివారిపాడు,
21-2-2005.

నాయనా కోటేష్,

నూరేళ్ళు బతుకు! పైపు లేచింది. పెట్టె మీద నాలుగు పచ్చ దీపాలుంటే మూడు వెలిగాయి. "మూడు చాలు సార్, పని జరుగుద్ది" అన్నాడు ఆదాం. ఎక్కడ నిలబెట్టాలో నేనే దగ్గరుండి చూసుకున్నాను. చిన్న సవరణ చేశానులే, నువ్వు కంగారుపడాల్సింది ఏమీ లేదు.

జ్యోతి ఆఫీసుకి ఒక ఫైలు పంపింది. అవతలి నుంచి "అందింది" అని అక్షరాలు వచ్చాయి. అది పకపకా నవ్వింది. మీ అత్త పొయ్యి మీద పాలు పొంగబెట్టి మరీ ఆ నవ్వు వింటూ నిలబడింది. నేను డాబా ఎక్కి, బుల్లయ్య వేపచెట్టు రాల్చిన పండుటాకుల మధ్య కూర్చుని ఏడ్చాను. ఈ శనివారం గుళ్ళో ఆకాశవాణి గురించి రెండు గంటలు చెప్పాను. బుల్లయ్య లేచి, "ఆకాశవాణి మనకి చెప్పుద్ది గానీ మనం చెప్పేది వినదుగా పంతులూ. నీ పైపే నయం" అన్నాడు. జనం గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను.

ఏప్రిల్‌ ఒకటి నుంచి పని మొదలు. డాక్టరు మాట్లాడిన ఫైలు దిగుతుంది, ఇది టైపు చేసి చెప్పిన వేళకు తిరిగి పంపాలి. పరీక్ష కాలంలో మూడుసార్లు వేళ తప్పితే పేరు కొట్టేస్తారట. నా బిడ్డ తప్పదు.

ఆనందబాష్పాలతో
మామయ్య.

తాటివారిపాడు,
12-4-2005.

కోటేష్,

ఆశీర్వాదం తర్వాత. ముందు జవాబు చెప్పు. మాకిచ్చింది కొత్త పెట్టేనా, ఎవరో వాడి పారేసిందా?

మార్చి మధ్యలో మూడు దీపాలు రెండయ్యాయి. ఉగాదికి ఒకటి. నిన్న ఆ ఒక్కటి కూడా కొనవూపిరి దీపంలా ఆడుతూ ఆడుతూ పోయింది. ఫైలు సగం వెళ్ళి ఆగిపోయింది. పిల్ల మీటలు నొక్కుతూ, "వెళ్ళవే, వెళ్ళవే" అని గొడ్డును అదిలించినట్టు బతిమాలింది. వేళ తప్పింది. ఒకటి.

రాత్రంతా పని చేసి పూర్తిచేసింది, కోటేష్. తప్పు దానిది కాదు. పంట పండించి కల్లంలో పోశాక బండి రాకపోతే ఎవరిని అనాలి? లంకకు వారధి కట్టేటప్పుడు ఉడుత కూడా ఇసుక మోసింది. నువ్వు మాకు నీటిలో మునిగే రాళ్ళు అంటగట్టావా? మీ అమ్మ నా తోడబుట్టింది కాబట్టి ఇంతటితో ఆపుతున్నాను.

పిచ్చయ్య.

గుంటూరు,
17-4-2005.

మామయ్యకు,

పెట్టె కొత్తదే. నా చేతులతో అట్టపెట్టె విప్పాను. ఉడుత సంగతి నాకు తెలియదు గానీ, నేను షాపు మూసుకుని మార్టూరు వెళ్ళి టవరు దగ్గర ఒక రోజంతా నిలబడ్డాను. టవరు బాగానే ఉంది. ఆ చుట్టుపక్కల తొమ్మిది ఊళ్ళలో తొమ్మిది పెట్టెలూ నాలుగేసి దీపాలతో వెలుగుతున్నాయి. నీదొక్కటే ఆరింది.

ఫిబ్రవరిలో మూడు దీపాలు వచ్చినచోట ఏప్రిల్లో ఒక్కటీ రాదంటే, ఆంటెన్నా పక్కకు తిరిగి ఉండాలి, లేదా పైపు కదిలి ఉండాలి. మామయ్యా, సూటిగా అడుగుతున్నాను. పైపు కదిలించావా? గుడి మైకు హారను దానికి కట్టావా? బట్టలారేసే తీగ లాగారా? ఏదైనా సరే, ఉన్నది ఉన్నట్టు రాయి. ఏజెంటు నన్ను నిలదీస్తున్నాడు.

జ్యోతికి ధైర్యం చెప్పు.

కోటేష్.

తాటివారిపాడు,
22-4-2005.

కోటేష్,

పైపు కదలలేదు. నిలబెట్టిన రోజు ఎక్కడుందో ఈ రోజూ అక్కడే ఉంది. రామాలయంలో దీపం మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా చెబుతాను. నన్ను దొంగలా నిలదీయడానికి నీకు ఎంత ధైర్యం?

గాలికి ఎప్పుడన్నా ఒక దీపం వెలిగితే ఆ సందులో ఫైళ్ళు పంపుకుంటూ వచ్చింది గానీ, నిన్న రెండోసారి వేళ తప్పింది. ఇక మిగిలింది ఒక్కటి. పిల్ల నిన్నటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. మీ అత్త ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే, "మూటకు అన్నం ఎందుకమ్మా" అంది. మీ అత్త ఆ కంచం పట్టుకుని అరగంట అలాగే నిలబడింది. ఇంటి గడప దాటాలంటే నా కాళ్ళు రావడం లేదు. నేను బయటికి పోయినప్పుడు ఏం జరుగుతుందో అని భయం. చేలో మిరప కోతకొచ్చి ఎర్రగా నిలబడి ఎండుతోంది, పోనీ.

పుత్రశోకంతో పోయిన రాజు కథ ఊరూరా చెప్పాను. ఇంతవరకూ నాకు దాని అర్థం తెలియలేదని ఇప్పుడు తెలుస్తోంది.

ఏదైనా చెయ్యి. కాళ్ళు పట్టుకుంటాను.

మామయ్య.

గుంటూరు,
27-4-2005.

మామయ్యకు,

కాళ్ళు పట్టుకోవద్దు. నిజం చెప్పు చాలు. చెప్పలేదు కాబట్టి ఇది రాయాల్సి వస్తోంది.

పని చేయని పెట్టె తిరిగివ్వమని ఏజెంటు పెట్టిన గడువు అయిపోయింది. వచ్చే నెల ఏడో తారీఖు, శనివారం పొద్దున బస్సుకి నేనే వచ్చి పెట్టె, ఆంటెన్నా విప్పి తీసుకెళ్తాను. వేటపాలెం వాళ్ళు కాచుకుని కూర్చున్నారు. జ్యోతి మొహం చూడలేక ఆదాంనే పంపుదామనుకున్నాను గానీ, అది పిరికితనం. నేనే వస్తాను.

కోటేష్.

తాటివారిపాడు,
3-5-2005.

కోటేష్,

యుద్ధంలో సగం నిజం పలికిన ధర్మప్రభువు రథం, అప్పటిదాకా నేల తగలకుండా నడిచేది, ఆ మాటతో నేలకు దిగింది. నాది రథం కూడా కాదు. కానీ దిగింది.

పైపు కదలలేదని రాశాను. నిజమే. కానీ అది నీ సున్నపు గుర్తు దగ్గర ఎన్నడూ లేదు. నైరుతి మూలలో ఉంది. ఆదాం మొత్తుకున్నాడు. "ఇల్లు నాది, శాస్త్రం నాది, నువ్వు బోల్టులు బిగించు" అన్నాను. ఈశాన్యం తేలిగ్గా ఉండాలి, అక్కడ ఇనుము నిలబెడితే ఇంటి బిడ్డకు చేటు. బరువైనదీ ఎత్తైనదీ నైరుతిలోనే ఉండాలి. నాలుగేళ్ళుగా గుళ్ళో ఇదే చెబుతున్నాను. నా మాట విని ఊళ్ళో పదకొండు మంది గోడలు పడగొట్టుకున్నారు. నా ఇంట్లోనే ఎలా తప్పను?

ఫిబ్రవరిలో బుల్లయ్య వేపచెట్టు మోడు. కొమ్మల సందుల్లోంచి టవరు కనిపించి దీపాలు వెలిగాయి. ఉగాదికి చెట్టు చిగిర్చి పూసింది, ఆకు కమ్మింది, దీపాలు ఆరాయి. ఆదివారం డాబా మీద నిలబడి పైకి చూస్తే ఇది తట్టింది. అప్పుడైనా బుద్ధి వచ్చిందా? రాలేదు. గొడ్డలి తీసుకుని బుల్లయ్య దగ్గరికి పోయాను.

"కొట్టు, కొట్టు. కానీ పోయినేడు వేపచెట్టు కొట్టినోడికి ఏడు జన్మల పాపమని మైకులో అరిచింది ఎవరో ముందు చెప్పి కొట్టు" అన్నాడు. తల దించుకుని వచ్చేశాను.

జ్యోతి మంచం మీద నుంచి అంతా వింది. "గొడ్డలి ఎందుకు నాన్నా?" అంది. దాని ముందు అబద్ధం రాలేదు. పైపు సంగతి చెప్పాను. తిడుతుందనుకున్నాను. కోటేష్, అది ఇలా అంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"ఈశాన్యంలో గొడ్లపాక వేశాం, అందుకే నువ్వు పడ్డావని నాలుగేళ్ళుగా చెబుతున్నావు. పాక పీకేశావు. నేను మళ్ళీ నడవలేదు. నాన్నా, ఆ రోజు నా కింద పాక లేదు. పత్తి ఉంది. మబ్బు పట్టింది, బండి కదలాలి, తాళ్ళు కట్టే టైము లేదు, నువ్వు పైనే కూర్చుని తొక్కుతూ రా అన్నది ఎవరు? నేను ఇన్నాళ్ళూ అడగలేదు. నువ్వు చెబుతావేమోనని చూశాను. నువ్వు తప్పంతా ఇంటి మూల మీద పెట్టావు."

నిజం రా. వాన వస్తోందని తొందరపడి, కన్నబిడ్డను తాడు కట్టని పత్తి లోడు మీద కూర్చోబెట్టి ట్రాక్టరు నడిపింది నేనే. కాలవ గట్టు మలుపులో వెనక్కి తిరిగి చూసేసరికి పైన అది లేదు. ఆ తర్వాత నాకు శాస్త్రం దొరికింది. నా తప్పును మోయడానికి ఒక మూల దొరికింది. దానికి నేను మైకు పెట్టాను. ఎంత గట్టిగా అరిస్తే అంత నిజమవుతుందనుకున్నాను.

మొన్న శనివారం పిల్లను వదిలి పోలేక ప్రవచనం మానేశాను. ఇక ఆ మైకు ముట్టను.

పైపు ఈశాన్యానికి మార్చమని ఆదాంకు కబురు పెడితే, తొమ్మిదో తారీఖు దాకా రాలేనన్నాడట. శుక్రవారం ఆరో తారీఖున పదిహేను ఫైళ్ళు, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా చేరాలి. అది తప్పితే మూడోది. నువ్వు ఏడున వచ్చి పెట్టె విప్పుకుపో, నేను అడ్డం పడను. ఆ ఒక్క శుక్రవారం మాత్రం నాకు వదులు.

నన్ను క్షమించమని అడగను. దానికి నీ దగ్గర అధికారం లేదు, ఉన్న మనిషి మంచం మీద ఉంది.

పిచ్చయ్య.

తాటివారిపాడు,
6-5-2005, శుక్రవారం.

అబ్బాయ్ కోటేషూ,

ఇది మీ అత్త చేతిరాత. నేను ఉత్తరం రాసి పాతికేళ్ళయింది, తప్పులుంటే సర్దుకో. మీ మామయ్య చెబుతుంటే రాద్దామని డాబా మీద పీట వేసుకుని కూర్చున్నాను గానీ, ఆయన చెప్పడం మానేశాడు. అందుకని నేనే రాస్తున్నాను. పదకొండున్నర బస్సు డ్రైవరు చేత పంపుతాను, సాయంత్రానికి నీ షాపుకి చేరుతుంది.

తెల్లారగానే బుల్లయ్యన్న వచ్చి నైరుతిలో బోల్టులు విప్పాడు. ఇద్దరూ పైపును మోసుకొచ్చి ఈశాన్యంలో నిలబెట్టారు. తీరా చూస్తే బిగించడానికి అక్కడ గోడ లేదు. శాస్త్రం ప్రకారం ఆ మూల తగ్గాలని రెండేళ్ళ క్రితం పిట్టగోడను ఒక్క ఇటుక ఎత్తుకు కొట్టించింది ఈయనేగా! తీగ కూడా చాలలేదు. పిల్లను మంచంతో సహా ఈశాన్యపు గదిలోకి మార్చాం. దేవుడి పటాలు తీసి నడవలో పెట్టాను. పైపుకు మూడు తాళ్ళు కట్టి బుల్లయ్యన్న రెండు పట్టుకున్నాడు, మూడోది నీళ్ళ తొట్టికి కట్టాం. మొదలు ఇసుక బస్తాల మధ్య దింపి, ఈయన రెండు చేతులతో వాటేసుకుని నిలబడ్డాడు.

కింద నుంచి పిల్ల కేకేసింది. "ఒకటి!" ఇంకొంచెం కుడికి తిప్పాడు. "రెండు! ఇంకా! మూడు! నాన్నా, నాలుగూ! నాలుగూ వెలిగాయి! కదలొద్దు! అక్కడే ఉండు!"

అప్పుడు ఎనిమిదిన్నర. ఇప్పుడు పదకొండు కావస్తోంది. వడగాలి మొదలైంది. గాలి కొట్టినప్పుడల్లా పైపు ఊగుతుంది, ఈయన ఒళ్ళంతా బిగిస్తాడు. ఇనుము కాలుతోందని అరచేతుల కింద తడిగుడ్డ పెట్టబోతే, "వద్దు, జారుద్ది" అన్నాడు. ఈ రెండున్నర గంటల్లో మాట్లాడింది అదొక్కటే. గ్లాసుతో నీళ్ళు నోటికి అందిస్తే తల తిప్పడానికి కూడా భయపడుతున్నాడు.

బజార్లో జనం చేరారు. గోడలు పడగొట్టుకున్నవాళ్ళు కూడా వచ్చారు. "ఏంది పంతులూ, ఈశాన్యంలో ఇనుమా! మా గోడలు ఎవరు కట్టిస్తారు?" అని ఒకాయన అరిచాడు. "ఊరికే నిలబడకపోతే ఏదన్నా కథ చెప్పరాదూ" అని ఇంకొకాయన. ఏ మాటకైనా పది కథలు చెప్పే మనిషి, టవరు వైపే చూస్తున్నాడు. కాసేపటికి ఒకాయన పైకొచ్చి బుల్లయ్యన్న చేతిలో తాడొకటి అందుకున్నాడు, గోడలు అడిగినాయనే.

ఇప్పుడే కిందికి పోయి చూసొచ్చాను. తొమ్మిది వెళ్ళాయి, ఆరు ఉన్నాయి. చెవులకు అవి తగిలించుకుని టకటకా కొడుతోంది. పొద్దున పెట్టిన చద్దన్నం కంచం ఖాళీగా ఉంది. ఎప్పుడు తిన్నదో నేను చూడలేదు. నన్ను చూసి, "నాన్న ఎలా ఉన్నాడు?" అంది. నిలబడ్డాడే అన్నాను. "ఇంకా రెండు గంటలు నిలబడమను" అంది. కళ్ళు మాత్రం తెర మీద నుంచి తీయలేదు.

పైకొచ్చి అదే చెప్పాను. ఈయన కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి చెయ్యి తీయలేదు. నేను తుడవబోతే, కొంగు గాలికి లేచి ఆయన మొహానికి అడ్డం పడింది. "తియ్యి, టవరు కనబడాలి" అన్నాడు.

బస్సు హారను వినబడుతోంది. రేపు నువ్వు పెట్టె విప్పుకుపోతావో, బిగించిపోతావో నాకు తెలియదు. ఒంటిగంటకు ఏమవుతుందో కూడా తెలియదు. వచ్చేటప్పుడు మాత్రం కాలిన చేతులకు రాసే మందు పట్టుకురా.

మీ అత్త
కోటిరత్నం.